చెల్క నేల మీద పాస్ ఎందుకు తప్పుతోంది?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ కాలేజీల మధ్య ఫుట్‌బాల్ పోటీ జరిగేటప్పుడు స్కోరు సంగతి కాసేపు మరిచిపోయి ఒక పని చేయండి. ఒక జట్టుకు బంతి దొరికినప్పటి నుంచి పోగొట్టుకునే దాకా వరుసగా ఎన్ని పాస్‌లు నడిచాయో లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది చాలాసార్లు ఎవరి కాలికో తగిలి టచ్‌లైను దాటిపోతుంది, లేదంటే ప్రత్యర్థికి చిక్కుతుంది. కాసేపటికి వెనకవాళ్లు విసిగిపోయి బంతిని గాల్లోకి బలంగా తన్నేస్తారు. అవతలి జట్టు పరిస్థితీ దాదాపు అంతే. కానీ ఆ అవతలి జట్టు ఎప్పుడైనా రెండు శుభ్రమైన పాస్‌లు వేయగలిగిందంటే ఇవతలి డిఫెన్స్ మొత్తం చీలిపోతుంది. పాస్ వేయలేని జట్టుకు పాస్‌ను ఆపడమూ చేతకాదు. ఈ రెండు లోపాలూ జంటగానే ఎందుకు కనిపిస్తాయి?

"పోరగాళ్లల్ల దమ్ము లేదు" అనే మాట గ్రౌండ్ గట్టు మీద తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. పోలీసు కొలువుల కోసం, సైన్యంలో భర్తీ కోసం తెల్లవారకముందే అవే గ్రౌండ్లలో పరుగులు తీసేది ఈ ఈడు పిల్లలే. ఊపిరికీ కాలిబలానికీ కొదవ లేదు. లోపం నేల దగ్గర మొదలై, కంటి మీదుగా మెదడు దాకా పోతుంది.

ముందు నేల సంగతి. ఈ రెండు పాత జిల్లాల అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైస్ రాయి. ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్రమట్టినే మనం చెల్క అంటాం. ఇందులో ఇసుక ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. వాన చినుకుల దెబ్బకు పైపొరలోని మట్టి రేణువులు విడిపోయి సందుల్లో సర్దుకుంటాయి. ఎండ తగలగానే పైన పెచ్చు కడుతుంది. విత్తిన గింజ మొలిచినా ఆ పెచ్చును చీల్చుకుని పైకి రాలేకపోవడం రైతులందరికీ తెలిసిన బాధే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ ఎర్రనేలల గట్టిదనం మీద చాలాకాలం పనిచేశారు. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మిగతా నెలల్లో గడ్డి బతకాలంటే నీళ్లు పెట్టాలి. కాలేజీ బోరుకు ఆ శక్తి ఎక్కడిది? పైగా ఊళ్లో సభలకూ ఉత్సవాలకూ ఆ గ్రౌండే దిక్కు. వాహనాలు తిరుగుతాయి, గుంతలు పూడ్చడానికి మొరం పోసి రోలర్ నడుపుతారు. చివరికి మిగిలేది, పైన సన్నటి గులకరాళ్లు పరుచుకున్న గట్టి పలక.

ఆ పలక మీద బంతి ఏం చేస్తుందో అంకెల్లో చూద్దాం. మేలు రకం ఫుట్‌బాల్‌ను రెండు మీటర్ల ఎత్తు నుంచి ఉక్కు పలక మీదికి వదిలితే 135 నుంచి 155 సెంటీమీటర్ల ఎత్తుకు లేవాలని ఫిఫా ప్రమాణం. కృత్రిమ పచ్చిక మైదానం పై తరగతి ముద్ర పొందాలంటే మాత్రం, అదే రెండు మీటర్ల నుంచి పడిన బంతి 60 నుంచి 85 సెంటీమీటర్లే లేవాలి. ఈ ఆటకు అనువైన నేల బంతి శక్తిలో సగానికి పైగా మింగేయాలన్నమాట. ఎండిన చెల్క అలా మింగదు. దాని లెక్క పచ్చిక కంటే ఉక్కు పలకకు దగ్గర.

ఇప్పుడు మిడ్‌ఫీల్డులో నిలబడ్డ ఒక కుర్రాడిని దగ్గరగా చూద్దాం. పదిహేను మీటర్ల నుంచి పాస్ వస్తోంది. మొదట నేల మీదే దొర్లుతోంది. అతనికి నాలుగు మీటర్ల దూరంలో ఒక గులకరాయి తగిలి బంతి ఎగిరింది. పాదం లోపలి వైపుతో ఆపుదామని కాలు చాచిన కుర్రాడు ఆ కాలు వెనక్కి తీసుకుని తొడ పైకెత్తాడు. తొడకు తగిలిన బంతి మీటరు ఎత్తుకు లేచింది. అక్కడి నుంచి అది నేలకు దిగడానికి 0.45 సెకను పడుతుంది. గురుత్వాకర్షణ తేల్చిన లెక్క ఇది, ఎంత గొప్ప ఆటగాడైనా బంతిని అంతకంటే తొందరగా కిందికి రమ్మనలేడు. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో వస్తున్న డిఫెండర్ ఆ 0.45 సెకనులో 2.7 మీటర్లు దాటేస్తాడు. బంతి నేలను తాకేసరికి అతను మీద పడి ఉంటాడు. గట్టు మీది నుంచి చూసేవాళ్లకు "కంట్రోల్ లేదు" అనిపించే సంఘటన ఇంతే.

పాస్ ఇచ్చేవాడికి ఇదంతా అనుభవంలో తెలుసు. గట్టిగా ఇస్తే అవతలివాడు ఆపలేడని తెలిసి మెత్తగా ఇస్తాడు. స్నేహితుడి మీద దయతో చేసే ఈ పనే ఆటను చంపుతుంది. ఇరవై మీటర్ల పాస్ సగటున సెకనుకు 12 మీటర్ల వేగంతో వెళ్తే గమ్యం చేరడానికి దాదాపు 1.7 సెకన్లు పడుతుంది. ఎదురు జట్టు ఆటగాడు బంతి కదలడాన్ని చూసి స్పందించడానికి పావు సెకను పోగా, పరుగు అందుకునే సమయాన్ని కూడా కలుపుకుని సగటున సెకనుకు అయిదు మీటర్లు కదులుతాడనుకుందాం. అప్పుడు అతను దాటగలిగేది సుమారు 7 మీటర్లు. పాస్‌ను సెకనుకు 8 మీటర్లకు తగ్గిస్తే ప్రయాణ సమయం 2.5 సెకన్లు, అతను దాటగలిగే దూరం 11 మీటర్లకు పైనే. ఒక్క మెత్తని పాస్‌తో నాలుగు మీటర్ల అదనపు నేలను శత్రువుకు రాసిచ్చినట్టే. గట్టు మీది నుంచి పీడీ సార్ "పాస్ ఇయ్యిరా" అని అరిస్తే చాలదు, ఎంత వేగంతో ఇవ్వాలో కూడా చెప్పాలి.

నేల చేసే నష్టంలో ఇంతకంటే పెద్దది కంటికి జరుగుతుంది. అది బయటికి కనిపించదు కనుక ఎవరూ దాని గురించి మాట్లాడరు.

మన కంటిలో అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా చూసే భాగం చాలా చిన్నది, చూపులో రెండు డిగ్రీల మేర మాత్రమే. చాచిన చేతి బొటనవేలి గోరు ఎంత వెడల్పు కనిపిస్తుందో దాదాపు అంత. మిగతాదంతా మసక. మైదానంలో ఎవరెక్కడున్నారో తెలియాలంటే తల తిప్పి, ఆ చిన్న స్పష్టమైన చూపును అటూ ఇటూ వేయాల్సిందే. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్దెత్, ఆయన బృందం ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలను ఇదే దృష్టితో పరిశీలించారు. బంతి కాలికి చేరకముందు ఎవరు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూశారో లెక్కకట్టారు. ఎక్కువసార్లు చూసినవాళ్ల పాస్‌లు, ముఖ్యంగా ముందుకు వేసే పాస్‌లు, ఎక్కువగా గమ్యం చేరాయని తేలింది. స్పెయిన్ ఆటగాడు జావి ఈ అలవాటుకు పెట్టింది పేరు.

మరి బంతి ఎప్పుడు ఎటు ఎగురుతుందో తెలియని నేల మీద ఆడే కుర్రాడు తల తిప్పగలడా? తిప్పితే బంతి పోతుంది. అందుకని పాస్ బయలుదేరిన క్షణం నుంచి కాలికి తగిలేదాకా బంతినే చూస్తాడు. ఆపాక తల ఎత్తుతాడు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. ఎన్ని దారులుంటే మెదడు తేల్చుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త హిక్ 1952లోనే ప్రయోగాలతో చూపించాడు. ముందే చుట్టూ చూసుకున్నవాడికి బంతి వచ్చేసరికి దారి ఒకటో రెండో మిగిలి ఉంటాయి. చూడనివాడి ముందు పదిమంది తోటి ఆటగాళ్లు, పదకొండు మంది శత్రువులు ఒక్కసారిగా ప్రత్యక్షమవుతారు. అతను తేల్చుకునే లోపే "అన్నా, మ్యాన్ ఉన్నడు!" అని వెనక నుంచి కేక. చేసేది లేక ఎత్తుగా కొడతాడు. చిన్నప్పటి నుంచి ఇలాగే ఆడితే చూపు కిందికి వాలడం అలవాటుగా స్థిరపడిపోతుంది. పై పోటీలకు వెళ్లి చక్కటి పచ్చిక మీద ఆడే అవకాశం వచ్చినా తల లేవదు. మన విశ్వవిద్యాలయ జట్లకు కాలికట్ లాంటి జట్లు ఎదురైనప్పుడు తేడా వచ్చేది ఇక్కడేనని నా ఉద్దేశం. కేరళ పిల్లల కాళ్లలో మన పిల్లల కాళ్లకు లేని ఎముక ఏదీ లేదు.

ఇక డిఫెన్స్. పాస్‌ను ఆపడమంటే బంతిని లాక్కోవడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ముఖ్యమైన పని జాగాను మూయడం. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న మైదానం విస్తీర్ణం 7,140 చదరపు మీటర్లు. గోల్‌కీపర్‌ను వదిలేస్తే పదిమంది. ఒక్కొక్కరి వంతుకు 714 చదరపు మీటర్లు, అంటే ఏడు గుంటలు. ఏడు గుంటల చెల్కను ఒక్కడు ఎలా కాపలా కాస్తాడు? 1980ల చివర్లో ఇటలీలోని మిలాన్ క్లబ్బుకు శిక్షణ ఇచ్చిన అరిగో సాకి దీనికి తేలిక జవాబు కనిపెట్టాడు. వెనక వరుసకూ ముందు వరుసకూ మధ్య 25 మీటర్లు మించకూడదన్నాడు. వెడల్పును కూడా బంతి ఉన్న వైపుకు ముడిచి 40 మీటర్లకు తెస్తే జట్టు కాయాల్సిన జాగా వెయ్యి చదరపు మీటర్లు. తలా ఒక గుంట. మిలాన్ 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్పు గెలిచింది ఈ పద్ధతితోనే.

ఇలా ముడుచుకోవడానికి ఆఫ్‌సైడ్ నియమం తోడ్పడుతుంది. వెనక వరుస ముందుకు జరిగితే శత్రువు ఫార్వర్డ్‌లు కూడా తమ గోల్ వైపు వెనక్కి జరగక తప్పదు. మన కాలేజీ జట్లు వెనక వరుసను ముందుకు జరపడానికి భయపడతాయి. ఆ భయం వెనక కూడా నేలే ఉంది. అయిదు మీటర్ల ఎత్తుకు లేచిన పొడవాటి పాస్ డిఫెండర్ ముందు పడిందనుకోండి. గట్టి నేల మీద బంతి సగం ఎత్తుకు లేచినా రెండున్నర మీటర్లు. అతని తల మీదుగా పోయి వెనక పడుతుంది, ఫార్వర్డ్ పరుగెత్తుకెళ్లి అందుకుంటాడు. రెండుసార్లు అలా మోసపోయిన డిఫెండర్ మూడోసారి పదిహేను అడుగులు వెనక్కి వెళ్లి నిలబడతాడు. ముందువాళ్లు ముందే ఉంటారు, వెనకవాళ్లు వెనకే. నడుమ ఖాళీ. శత్రువు మిడ్‌ఫీల్డర్ ఆ ఖాళీలో తాపీగా బంతి తీసుకుని తిరుగుతాడు.

విచిత్రం ఏమిటంటే, జాగాను కలిసి మూయడం పాలమూరు పిల్లలకు కొత్త విద్య కాదు. కబడ్డీలో వాళ్లు చేసేది అదే. కూతకు వచ్చినవాడు ఎడమ మూలకు వెళ్తే చేతులు పట్టుకున్న గొలుసు మొత్తం అటు వాలుతుంది. మూలనున్నవాడు ముందుకు వస్తే పక్కన కవర్‌లో ఉన్నవాడు అతని వెనక జాగా చూసుకుంటాడు. ఒక్కడు ఆలస్యమైతే గొలుసు తెగుతుంది. ఫుట్‌బాల్ వెనక వరుస కూడా ఇలాగే జరగాలి. ఒకడు బంతి మీదికి వెళ్తే పక్కవాడు అతని వెనక కొంచెం ఏటవాలుగా నిలబడాలి, మిగతా ఇద్దరూ అదే వైపుకు వాలాలి. చేతులు పట్టుకోకపోయినా అడుగులు కలవాలి. ఈ సంగతి ఇలా చెప్పి చూస్తే పిల్లలు పట్టుకుంటారు. ఎందుకోగానీ మన దగ్గర ఫుట్‌బాల్ శిక్షణకు వచ్చేసరికి కబడ్డీ కోర్టులో నేర్చిందంతా గేటు బయటే వదిలేసి రమ్మంటారు. "నీ మ్యాన్‌ను నువ్వు పట్టుకో" అనే ఒక్క ఆదేశంతో సరిపెడతారు. అప్పుడు శత్రువు ఎటు పరుగెత్తితే డిఫెండర్ అటు పరుగెత్తుతాడు, అతను వదిలిపెట్టిన జాగాలోకి పాస్ వస్తుంది.

జంట లోపాల ముడి ఇప్పుడు విడుతుంది. రోజూ సాయంత్రం ఒక జట్టు రెండుగా విడిపోయి తమలో తామే ఆడుకుంటుంది. పాస్‌లు నెమ్మదిగా, ఎత్తుగా, మూడు దాటకుండా సాగే ఆటలో డిఫెండర్ ఏం నేర్చుకుంటాడు? ఎత్తుగా వచ్చే బంతిని తలతో కొట్టడం, మెత్తటి పాస్ మీదికి దూకడం. రెండూ అక్కడ బాగానే పనిచేస్తాయి. వేగంగా నేల మీద సాగే వరుస పాస్‌లు అతనికి ఏడాదంతా ఎదురుకావు. టోర్నమెంటులో మొదటిసారి ఎదురైనప్పుడు అలవాటు కొద్దీ ముందుకు దూకుతాడు, బంతి అతని పక్క నుంచి జారిపోతుంది. మంచి పాస్ వేసేవాళ్లు జట్టులో లేకపోవడమే డిఫెన్స్‌కు మొదటి శాపం. అడ్డుకునేవాళ్లు సరిగా లేకపోతే పాస్ వేసేవాళ్లకూ పదును రాదు. ఏటా మూడోవంతు ఆటగాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోవడం, అంతర్ కళాశాలల పోటీల తర్వాత ఎంపికైన విశ్వవిద్యాలయ జట్టుకు దొరికేది కొద్ది రోజుల శిబిరమే కావడం దీనికి తోడు. ఎవడు ఎప్పుడు ఎటు పరుగెత్తుతాడో ఒకరికొకరికి తెలిసేలోపే జట్టు విడిపోతుంది.

ఇదంతా చదివి, మన నేల మీద పాసింగ్ ఆట పుట్టదని ఎవరైనా అనుకుంటే వాళ్లు వంద కిలోమీటర్ల అవతల హైదరాబాదు వైపు చూడాలి. అదీ గ్రానైటు గుట్టల మీద ఉన్న ఊరే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో చాలామంది వట్టికాళ్లతో ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడిపోయింది. దానికి శిక్షకుడు రహీమే. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ శిక్షణలో భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. అందరూ హైదరాబాదు ఆట నేర్చినవాళ్లే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో గెలిచిన మరుసటి ఏడాదే రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఆయన ఏం చేశాడన్నది మనకు ముఖ్యం. బంతిని ఒక్కరే తీసుకుని పోవడాన్ని నిషేధించి, పాస్‌లతోనే ఆడాల్సిన డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టాడు. వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టాడు. ఒక్క టచ్‌తో పాస్ వేయడం మీద పట్టుబట్టాడు. ఈ నియమాలను ఇందాకటి లెక్కలతో కలిపి చూస్తే ఆయన తెలివి ఎంతటిదో తెలుస్తుంది. ఒక్క టచ్‌తో ఆడాలంటే బంతి రాకముందే చుట్టూ చూసి ఉండాలి, వేరే దారి లేదు. ఏ వీడియో విశ్లేషణా లేని కాలంలో, తల ఎత్తమని ఉపన్యాసం ఇవ్వకుండా, తల ఎత్తకపోతే ఆడలేని ఆటను పిల్లల ముందు పెట్టాడు. ఆయన పేరు తెలిసిన శిక్షకులు చాలామందే ఉన్నారు, ఆ పోటీలను మళ్లీ పెట్టేవాళ్లు మాత్రం కనబడటం లేదు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమో పాలమూరు విశ్వవిద్యాలయమో ఏడాదికి ఒక్కసారి డ్రిబ్లింగ్ లేని అంతర్ కళాశాలల పోటీ పెట్టడానికి పచ్చిక అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

ఖర్చు లేని పనులు ఇంకా ఉన్నాయి. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఎంతైనా ఉండొచ్చు. గాలి కొట్టే పంపు ప్రతి కాలేజీలో ఉంటుంది, ఒత్తిడి కొలిచే గేజ్ ఉండదు. అందుకే బొటనవేలు దిగనంత గట్టిగా కొట్టేస్తారు. గట్టి నేల మీద గట్టి బంతి రెట్టింపు కీడు. గేజ్ ఒకటి కొని 0.6 దగ్గర ఆపితే నియమం దాటకుండానే ఎగురుడు తగ్గుతుంది. ఆటకు ముందు సాయంత్రం మధ్య భాగానికి మాత్రం ట్యాంకరు నీళ్లు చల్లి, గులకలు ఊడిస్తే ఇంకొంత.

అన్నిటికంటే మేలైనది ఫుట్‌సాల్ బంతి. గట్టి నేల కోసమే పుట్టిన ఆట ఫుట్‌సాల్, 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అనే వ్యాయామ శిక్షకుడు మొదలుపెట్టాడు. దాని బంతి కొంచెం చిన్నది. రెండు మీటర్ల నుంచి వదిలితే 50 నుంచి 65 సెంటీమీటర్లే లేవాలని దాని నియమం. ఈ అంకెను ఇందాకటి పచ్చిక అంకె పక్కన పెట్టి చూడండి. పచ్చిక చేయాల్సిన పనిని ఈ బంతే చేస్తుంది. కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే అక్కడే నలుగురికి నలుగురు, రెండు టచ్‌లు మించకుండా ఆడించొచ్చు. తొంభై నిమిషాల పూర్తి మ్యాచ్‌లో ఒక్కో ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. నలుగురి ఆటలో అది అనేక రెట్లు పెరుగుతుంది, డిఫెండర్‌కు కూడా నేల మీద వేగంగా వచ్చే పాస్‌లు రోజూ ఎదురవుతాయి. అతనికి అక్కడ ఒక్క నియమం పెట్టాలి: పాస్ మీదికి దూకే ముందు వెనక ఎవరున్నారో ఒకసారి చూసి, ఆ పేరు పైకి చెప్పాలి. చెప్పకుండా దూకి గెలిచినా ఆ పాయింటు లెక్కలోకి రాదు. మొదటి వారం పిల్లలు పేర్లు తప్పు చెబుతారు, ఆలస్యంగా చెబుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. కొనసాగించాలి. పేరు సరిగా, సమయానికి రావడం మొదలైనప్పుడు అతని తల పైకి లేస్తోందని శిక్షకుడికి చెవులతోనే తెలిసిపోతుంది.